టీఎల్‌డీలో సున్నా వచ్చినా సరే: ఒంట్లోకి వెళ్లిన రేడియేషన్‌ను లెక్క కట్టించుకోవడం ఎలా?

ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి (బయటి నుంచి ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచేది) పెట్టుకుని పనిచేస్తారు. నెలాఖరుకు అందులో సున్నా వచ్చిందంటే ఇక డోస్ (రేడియేషన్ మోతాదు) పడలేదనే చాలామంది అనుకుంటారు. బయటి నుంచి ఒంటికి తగిలే గామా కిరణాల వరకు అది నిజమే. కానీ ఊపిరితో పాటు పీల్చుకున్నది, నోట్లోంచి వెళ్లినది, చర్మంలోంచి ఇంకినది, గాయంలోంచి చేరినది ఆ బ్యాడ్జికి తెలియదు. భారజలం (డ్యుటీరియం అనే బరువైన రకం హైడ్రోజన్ ఉన్న నీళ్లు) వాడే రియాక్టర్లలో ఉండే ట్రిటియమే తీసుకోండి, అది రేడియోధార్మికమైన హైడ్రోజన్. దాని బీటా కణం గాలిలో 6 మిల్లీమీటర్లు పోయేసరికి ఆగిపోతుంది. చర్మం మీది మృత పొరను కూడా దాటలేదు. బయట ఉన్నంతసేపూ దానితో బాధ లేదు. ఒకసారి నీటితో కలిసి ఒంట్లోకి వెళ్లిందంటే మాత్రం ప్రతి కణజాలానికీ చేరుతుంది. అది వెళ్లిందని చెప్పగలిగేది మీరిచ్చే యూరిన్ శాంపిల్ ఒక్కటే.

కైగా, కల్పాక్కం, రావత్‌భాటా, కాక్రపార్ లాంటి చోట్ల అణువిద్యుత్ కేంద్రాల్లో షట్‌డౌన్ (రియాక్టర్ ఆపి చేసే మరమ్మతు) పనులకు వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్ల కోసం, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియం పొడితో పనిచేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్తగా హెల్త్ ఫిజిక్స్ (రేడియేషన్ రక్షణ చూసే) విభాగంలో చేరినవాళ్లకూ పనికొస్తుంది. కొలిచే మిషన్లు ల్యాబ్ వాళ్ల చేతిలో ఉంటాయి. ఆ కొలత సరిగ్గా రావాలంటే కావలసినవి మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంటాయి.

ముందుగా మీ పనిలో ఏముందో అడిగి తెలుసుకోండి

అన్ని పదార్థాలకూ ఒకే పరీక్ష లేదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు, వర్క్ పర్మిట్ మీద సంతకం పెట్టే సమయంలోనే హెల్త్ ఫిజిక్స్ వాళ్లను ఒక ప్రశ్న అడగండి: "ఇక్కడ లోపలికి వెళ్లే అవకాశం ఉన్నది ఏమిటి? దానికి నాకు ఏ పరీక్ష చేస్తారు?"

భారజల రియాక్టర్‌లో మోడరేటర్ (న్యూట్రాన్ల వేగం తగ్గించే భారజలం), ప్రైమరీ హీట్ ట్రాన్స్‌పోర్ట్ (ఇంధనం వేడిని మోసుకెళ్లే భారజలం) వ్యవస్థల మీద పని అయితే మొదట వినిపించే పేరు ట్రిటియం. భారజలంలోని డ్యుటీరియం న్యూట్రాన్‌ను పట్టుకుంటే ట్రిటియం అవుతుంది. రియాక్టర్ నడిచేకొద్దీ అది పోగవుతూనే ఉంటుంది, మోడరేటర్‌లో మరీ ఎక్కువ. దీనికి యూరిన్ పరీక్ష. పైపులు కోయడం, వాల్వులు విప్పడం, గ్రైండింగ్ లాంటి పనుల్లో కోబాల్ట్-60 ఉన్న ధూళి లేవచ్చు. ఇంధనం కడ్డీలకు చిల్లులు పడ్డ చోట సీజియం-137, అయోడిన్-131 ఉండొచ్చు. ఇవి గామా కిరణాలు వదులుతాయి కాబట్టి హోల్ బాడీ కౌంటర్‌లో (ఒంట్లోంచి వచ్చే గామాను లెక్కపెట్టే మిషన్‌లో) కనబడతాయి. అయోడిన్‌కు గొంతు దగ్గర థైరాయిడ్‌ను విడిగా కొలుస్తారు. ఇంధనం తయారీలో యురేనియం, రీప్రాసెసింగ్‌లో (వాడేసిన ఇంధనాన్ని విడగొట్టే చోట) ప్లుటోనియం ఉంటాయి. వాటి దారి వేరు, ముందు ముందు చెప్తాను.

తుమ్మలపల్లి లాంటి యురేనియం గనిలో అసలు సమస్య రేడాన్ వాయువు, దాన్నుంచి పుట్టే పొలోనియం లాంటి పదార్థాలు. రేడాన్ డోస్‌ను మూత్ర పరీక్షతో తేల్చరు. గాలిలో అది ఎంతుందో కొలిచి, మీరు ఆ చోట ఎన్ని గంటలున్నారో దానితో గుణిస్తారు. కాబట్టి అక్కడ మీరు ఏ గ్యాలరీలో ఎంతసేపు పనిచేశారన్న రికార్డే మీ డోస్‌కు ఆధారం. హాజరు రాసేవాళ్లు తప్పు చోటు రాస్తే అప్పుడే చెప్పి సరిచేయించండి.

అందరికీ లోపలి డోస్ పరీక్షలు చేయాల్సిన పని లేదు. లోపలికి వెళ్లే పదార్థం వల్ల ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (డోస్‌ను కొలిచే ప్రమాణం) దాటే అవకాశం ఉన్నవాళ్లకు క్రమం తప్పకుండా పరీక్ష చేయడం అంతర్జాతీయంగా పాటించే పద్ధతి.

మొదటి రోజే ఒక శాంపిల్ ఇవ్వండి

పనిలోకి దిగకముందు ఇచ్చే శాంపిల్‌ను చాలామంది మొక్కుబడిగా చూస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన శాంపిల్ అదే. మీరు ఇంతకుముందు వేరే ప్లాంటులో పనిచేసి వస్తే అక్కడి ట్రిటియం ఇంకా ఒంట్లో ఉండొచ్చు. అది ఈ ఖాతాలో పడకూడదు, ఆ ఖాతాలోంచి తప్పిపోకూడదు.

యురేనియం విషయంలో దీని అవసరం ఇంకా ఎక్కువ. యురేనియం ప్రకృతిలోనే ఉంది. నల్గొండ, కడప వైపు రాళ్లలో దాని నిక్షేపాలే ఉన్నాయి. అలాంటి నేలల్లో బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి మూత్రంలో ఫ్యాక్టరీ గుమ్మం తొక్కకముందే కొంత యురేనియం కనిపించొచ్చు. మొదటి శాంపిల్ లేకపోతే ఏది నీళ్లది, ఏది పనిది అన్నది తర్వాత తేల్చడం కష్టం.

హోల్ బాడీ కౌంటర్‌కు వెళ్లేముందు ఇంకొకటి చెప్పండి: ఈమధ్య ఆస్పత్రిలో బోన్ స్కాన్, థైరాయిడ్ స్కాన్, గుండెకు థాలియం పరీక్ష, పెట్ స్కాన్ లాంటివి చేయించుకున్నారా? అప్పుడు ఎక్కించిన మందు కూడా రేడియోధార్మికమే. చెప్పకపోతే దాన్ని ప్లాంటులో వచ్చినదిగా పొరబడతారు, మీరూ అనవసరంగా టెన్షన్ పడతారు.

ట్రిటియం శాంపిల్: ఎప్పుడు, ఎక్కడ, ఎలా

ట్రిటియం ఉన్న నీటి ఆవిరి ఊపిరితోనే కాదు, చర్మంలోంచి కూడా లోపలికి వెళ్తుంది. ముఖానికి మాస్కు పెట్టుకుని ఒళ్లు తెరిచి ఉంచితే, వెళ్లాల్సినదాంట్లో మూడో వంతు దాకా చర్మం గుండానే వెళ్లిపోతుంది. అందుకే ట్రిటియం ఎక్కువున్న చోట గాలి గొట్టం తగిలించిన ప్లాస్టిక్ సూట్ వేయిస్తారు. ఉక్కగా ఉందని సూట్ జిప్పు మధ్యలో తీయకండి.

లోపలికి వెళ్లిన ట్రిటియం రెండు మూడు గంటల్లో ఒంట్లోని నీళ్లన్నిట్లో సమానంగా కలిసిపోతుంది. కుండ నీళ్లలో ఉప్పు బాగా కలిశాక ఎక్కడ ముంచి రుచి చూసినా ఒకే ఉప్పదనం ఉన్నట్టు, రక్తంలో, చెమటలో, మూత్రంలో, ఊపిరి తేమలో అన్నిచోట్లా ఒకే సాంద్రత ఉంటుంది. అందుకే కాస్త మూత్రం చూసి ఒళ్లంతటి లెక్క చెప్పగలుగుతారు. ఇక శాంపిల్ ఇచ్చే పద్ధతి:

పని అయ్యాక స్నానం చేయండి, సొంత బట్టలు వేసుకోండి. తర్వాత ఒకసారి మూత్ర విసర్జన చేసి, దాన్ని పట్టకుండా వదిలేయండి. పనికి ముందు నుంచి మూత్రాశయంలో నిలవ ఉన్నది అందులో కలిసి ఉంటుంది, దాన్ని పరీక్షిస్తే ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. పని ముగిసి కనీసం రెండు గంటలు దాటాక వచ్చే మూత్రాన్ని పట్టి ఇవ్వండి.

సీసాను పని చోటికి తీసుకెళ్లకండి. మూత చేతి గ్లవ్స్‌తో తీయకండి. ట్రిటియం గాలి ఉన్న గదిలో తెరిచి ఉంచిన సీసా ఆ తేమను పీల్చుకుంటుంది, అప్పుడు మీ ఒంట్లో లేనిది కూడా లెక్కలోకి వస్తుంది. శుభ్రమైన జోన్‌లోని బాత్రూంలోనే పట్టి, అక్కడే మూత బిగించండి.

నీళ్లు ఎక్కువ తాగితే శాంపిల్ పలచబడి తక్కువ చూపిస్తుందన్న నమ్మకం సైట్లలో బాగా ఉంది. ట్రిటియం విషయంలో అది పనిచేయదు. ఒంట్లో దాదాపు 42 లీటర్ల నీళ్లున్నాయి. ఒక లీటరు తాగి పరీక్షకు వచ్చినా సాంద్రత రెండు మూడు శాతానికి మించి మారదు. మూత్రం తెల్లగా ఉన్నా పచ్చగా ఉన్నా లీటరు నీటిలో ఉన్న ట్రిటియం అంతే. బీ-కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటుంటే మాత్రం చెప్పండి. శాంపిల్‌ను ఒక ద్రవంలో కలిపి, బీటా కణం తగిలినప్పుడల్లా అందులో పుట్టే చిన్న మెరుపులను మిషన్ లెక్కపెడుతుంది. ముదురు పసుపు రంగు ఆ మెరుపుల్లో కొన్నిటిని మింగేస్తుంది. ల్యాబ్ వాళ్లు దాన్ని సరిదిద్దగలరు, తెలిస్తే ఇంకా జాగ్రత్తగా చూస్తారు.

లేబుల్ మీద పేరు, టీఎల్‌డీ నంబరు, శాంపిల్ పట్టిన తేదీ, సమయం రాయండి. దాంతోపాటు ఆ పని ఏ తేదీన, ఎన్ని గంటలకు చేశారో కూడా రాయండి. ఈ చివరిది రాయనివాళ్లే ఎక్కువ. దానివల్ల ఎంత తేడా వస్తుందో కింద లెక్కలో చూపిస్తాను.

ఒకరి బదులు ఇంకొకరి మూత్రం ఇవ్వడం గురించి కూడా చెప్పాలి. డోస్ పెరిగితే ఈ సీజన్‌కు పని పోతుందన్న భయం కాంట్రాక్టు కార్మికులకు ఉంటుంది, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ శాంపిల్ మార్చినంత మాత్రాన ఒంట్లోది పోదు. మీకు వైద్యం అందే దారి మాత్రం మూసుకుపోతుంది. కూలీ పోతుందన్న భయం ఉంటే దాన్ని సూపర్‌వైజర్‌తో, యూనియన్‌తో, రేడియేషన్ సేఫ్టీ అధికారితో మాట్లాడి తేల్చుకోవాలి. సీసా మార్చి కాదు. ఏ మేస్త్రి అయినా అలా ఇవ్వమని చెప్తే అది నేరుగా మీ ఆరోగ్యం మీద చేస్తున్న దెబ్బ.

మామూలు రోజుల్లో ఇచ్చే శాంపిల్ వృథా అనుకునేవాళ్లు 2009 నవంబర్‌లో కైగాలో జరిగింది తెలుసుకోవాలి. తాగునీటి కూలర్‌లో ఎవరో ట్రిటియం ఉన్న భారజలం కలిపారు. ఆ నీళ్లు తాగిన పదుల మంది కార్మికుల ఒంట్లోకి ట్రిటియం వెళ్లింది. నీళ్లలో రంగు లేదు, రుచి మారలేదు, బ్యాడ్జిలకు తెలియదు. రోజువారీ యూరిన్ పరీక్షల్లో కొందరికి ఒక్కసారిగా ఎక్కువ రావడంతోనే అది బయటపడింది. వెనక్కి వెతుక్కుంటూ పోతే కూలర్ దగ్గర తేలింది.

రిపోర్టులోని అంకెను మీరే డోస్‌గా మార్చుకోండి

ట్రిటియం రిపోర్టు లీటరుకు ఇన్ని బెక్యూరెల్ అని వస్తుంది. ఒక బెక్యూరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విఘటనం. పది లక్షల బెక్యూరెల్‌లు ఒక మెగాబెక్యూరెల్.

ఒక్కసారే లోపలికి వెళ్లిందనుకుందాం. లీటరుకు 1 మెగాబెక్యూరెల్ కనిపిస్తే, ఒంట్లోని 42 లీటర్లకు 42 మెగాబెక్యూరెల్ వెళ్లినట్టు. ట్రిటియం నీటికి ఒక బెక్యూరెల్‌కు డోస్ విలువ 1.8ను పది వేల కోట్లతో భాగించినంత సీవర్ట్. ఇన్ని సున్నాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గుణిస్తే వచ్చేది సుమారు 0.76 మిల్లీసీవర్ట్. కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఇంతే: పని అయిన రోజు శాంపిల్‌లో లీటరుకు ఎన్ని మెగాబెక్యూరెల్ ఉంటే, దాన్ని 0.76తో గుణిస్తే మీ డోస్ మిల్లీసీవర్ట్‌లలో వస్తుంది.

ఇప్పుడు తేదీ సంగతి. ఒంట్లోని నీళ్లు రోజుకు సుమారు 3 లీటర్ల చొప్పున మారుతుంటాయి. అందువల్ల లోపలి ట్రిటియం దాదాపు 10 రోజులకు సగమవుతుంది. దాని అసలు అర్ధాయుష్షు 12.3 ఏళ్లు అయినా ఒంట్లో అన్నాళ్లు ఉండదు. వేడిలో చెమటోడ్చి ఎక్కువ నీళ్లు తాగేవాళ్లలో 10 రోజుల కంటే తొందరగానే సగమవుతుంది.

రాము ఒకటో తేదీన మోడరేటర్ గదిలో పనిచేశాడు అనుకోండి. శాంపిల్ ఇచ్చింది 21న. రిపోర్టు లీటరుకు 0.1 మెగాబెక్యూరెల్. పని తేదీ రాయలేదు కాబట్టి ఎవరైనా దాన్ని ఆ రోజుదే అనుకుంటే డోస్ 0.076 మిల్లీసీవర్ట్. కానీ 20 రోజుల్లో రెండుసార్లు సగమైంది. ఒకటో తేదీన అది 0.4 మెగాబెక్యూరెల్. అసలు డోస్ 0.3 మిల్లీసీవర్ట్. ఒక్క తేదీ లేకపోవడంతో నాలుగో వంతే రికార్డుకు ఎక్కింది. ఇక్కడ అంకె చిన్నదే. అంకె పెద్దదైనప్పుడూ తప్పు ఇదే నిష్పత్తిలో ఉంటుంది.

రోజూ కొద్దికొద్దిగా వెళ్లే పని అయితే లెక్క వేరు. లీటరుకు 1 మెగాబెక్యూరెల్ సాంద్రత ఒక రోజంతా నిలిచి ఉంటే సుమారు 0.052 మిల్లీసీవర్ట్ పడుతుంది. నెల మొదట్లో 0.2, చివర్లో 0.4 వస్తే సగటు 0.3. దాన్ని 30 రోజులతో, 0.052తో గుణిస్తే 0.47 మిల్లీసీవర్ట్. ల్యాబ్‌లో కంప్యూటర్ చేసేది ఇంతకంటే సూక్ష్మంగా ఉంటుంది. కానీ మీ చేతి లెక్కకూ వాళ్ల రిపోర్టుకూ రెండు మూడింతల తేడా ఉంటే వెళ్లి అడగండి. అడగడం తప్పు కాదు, చాలాసార్లు తేదీ దగ్గరే పొరపాటు దొరుకుతుంది.

గాలి కొలతతోనూ ఒక అంచనా వేసుకోవచ్చు. పని చోట బోర్డు మీద ట్రిటియం ఇన్ని డీఏసీలు (గాలిలో ఉండదగ్గ పరిమితికి ఎన్ని రెట్లుందో చెప్పే కొలత) అని రాస్తారు. రక్షణ లేకుండా 1 డీఏసీ గాలిలో ఒక గంట ఉంటే దాదాపు 10 మైక్రోసీవర్ట్. 20 డీఏసీల చోట అరగంట ఉంటే 100 మైక్రోసీవర్ట్, అంటే 0.1 మిల్లీసీవర్ట్. సూట్ వేసుకుని పనిచేశాక శాంపిల్‌లో కూడా ఇంచుమించు ఇదే వచ్చిందంటే సూట్ ఎక్కడో లీకవుతోందని అర్థం. ఆ సూట్‌ను పక్కన పెట్టించండి.

హోల్ బాడీ కౌంటర్ దగ్గర

ఇందులో నొప్పి లేదు, సూది లేదు, మిషన్ మీ మీదకు ఏ కిరణాలూ వదలదు. మీ ఒంట్లోంచి వచ్చే గామా కిరణాలను లెక్కపెడుతుంది, అంతే. తలకు కూడా స్నానం చేసి, వాళ్లిచ్చిన శుభ్రమైన బట్టలు వేసుకుని వెళ్లండి. వాచీ, పర్సు, మొలతాడుకున్న తాళంచెవులు బయట పెట్టండి. లోపల కొన్ని నిమిషాలు కదలకుండా ఉండాలి.

ఏదైనా కనబడితే వెంటనే కంగారు పడకండి. జుట్టులో, గోళ్ల సందుల్లో అంటుకున్న కోబాల్ట్ ధూళి కూడా ఒంట్లో ఉన్నట్టే కనిపిస్తుంది. మళ్లీ స్నానం చేయించి ఇంకోసారి కొలవమనండి. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి కొలిస్తే పైన అంటుకున్నదా లోపల ఉన్నదా అన్నది ఇంకా స్పష్టమవుతుంది. రిపోర్టులో పొటాషియం-40 అని కనబడుతుంది, దాన్ని చూసి భయపడకండి. మనం తినే తిండిలోంచే వచ్చే ఈ సహజ పొటాషియం 70 కిలోల మనిషిలో సుమారు 4,000 బెక్యూరెల్ ఉంటుంది. అది ప్లాంటుతో సంబంధం లేనిది.

సీజియం-137 ఒంట్లో సగమవడానికి పెద్దవాళ్లలో వంద రోజుల పైచిలుకు పడుతుంది. కాబట్టి కొన్ని నెలలకోసారి కొలిచినా దొరుకుతుంది. అయోడిన్-131 ఎనిమిది రోజులకే సగమవుతుంది. అనుమానం ఉంటే ఆ వారంలోనే కొలిపించుకోవాలి, నెల దాటాక వెతికితే ఆనవాలు దొరకడం కష్టం.

యురేనియంతో పనిచేసేవాళ్లకు

తుమ్మలపల్లి, జాదుగూడ గనుల నుంచి వచ్చే పసుపు రంగు యురేనియం పదార్థం హైదరాబాద్ చేరి, శుద్ధి అయి, చివరికి యురేనియం డయాక్సైడ్ గుళికలుగా మారుతుంది. ఈ దారిలో ఏ మెట్టు మీద పనిచేస్తున్నారో దాన్నిబట్టి పరీక్ష మారుతుంది.

యాసిడ్‌లో కరిగించే చోట ఉండే యురేనైల్ నైట్రేట్ లాంటివి రక్తంలోకి తొందరగా వెళ్లి కిడ్నీల మీదుగా బయటికి పోతాయి. సహజ యురేనియంలో ఇలా కరిగే రూపాలకు రేడియేషన్ కంటే ముందు భయపడాల్సింది కిడ్నీకి జరిగే రసాయన నష్టానికి. ఇక్కడ మూత్రంలో లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు అన్నదే చూస్తారు, కిడ్నీ పరీక్షలు కూడా చేయించాలి.

పొడి నొక్కే చోట, గుళికలు అరగదీసే చోట ఉండే డయాక్సైడ్ పొడి అంత సులువుగా కరగదు. పీల్చినది ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండొచ్చు, మూత్రంలోకి వచ్చేది చాలా తక్కువ. ఇక్కడ మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు. ఛాతీ మీద డిటెక్టర్లు పెట్టి, యురేనియం-235 నుంచి వచ్చే 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాను, థోరియం-234 నుంచి వచ్చే ఇంకా బలహీనమైన గామాలను వెతకాలి. పొడితో పనిచేస్తూ యూరిన్ రిపోర్టులు మాత్రమే అందుతుంటే, లంగ్ కౌంటింగ్ ఎప్పుడు చేస్తారని అడగండి.

ట్రిటియంకు చెప్పిన నీళ్ల సంగతి యురేనియంకు పూర్తిగా తలకిందులు. యురేనియం నీళ్లతో సమానంగా కలిసి ఉండదు. చెంబెడు నీళ్లు తాగి ఇచ్చిన శాంపిల్ నిజంగానే పలచబడి తక్కువ చూపిస్తుంది. అందుకే 24 గంటల మూత్రమంతా పట్టడం మేలు. అది కుదరకపోతే క్రియాటినిన్ (మూత్రంలో రోజూ దాదాపు ఒకే మోతాదులో పోయే వ్యర్థ పదార్థం) కూడా కొలిచి దానితో పోల్చాలి. వారాంతపు సెలవు తర్వాత సోమవారం ఉదయం, షిఫ్ట్‌లో అడుగు పెట్టకముందు ఇంటి దగ్గరే పట్టిన శాంపిల్ అయితే చేతులకు, బట్టలకు ఉన్న పొడి అందులో పడే ప్రమాదం ఉండదు. ఒక్క రేణువు సీసాలో పడినా రిపోర్టు అడ్డగోలుగా పెరుగుతుంది.

ఏదైనా జరిగిన గంటలో

గాలి గొట్టం ఊడిపోయినా, సూట్ చిరిగినా, భారజలం మీద పడినా, గ్లవ్స్‌లోంచి వేలు తెగినా వెంటనే బయటికి వచ్చి చెప్పండి. "షిఫ్ట్ అయిపోయాక చూద్దాం" అనుకోవద్దు.

ధూళి పీల్చిన అనుమానం ఉంటే ముక్కు చీదకముందే, ముఖం కడగకముందే రెండు ముక్కు రంధ్రాల నుంచి స్వాబ్ తీయించుకోండి. ఆ స్వాబ్‌లో దొరికేదాన్నిబట్టి తర్వాత ఏం చేయాలో నిర్ణయిస్తారు. ముక్కు చీదేస్తే ఆ ఆధారం పోయినట్టే. గాయం ఎంత చిన్నదైనా దాని మీద గాయాలను కొలిచే మీటరు పెట్టించండి.

ప్లుటోనియం విషయంలో గంటలు కూడా లెక్కే. అది కాలేయంలో, ఎముకల్లో దశాబ్దాల పాటు ఉండిపోతుంది. మూత్రంలోకి వచ్చేది అతి స్వల్పం. కాబట్టి మొదటి కొన్ని రోజుల మూత్రంతో పాటు మలం కూడా పూర్తిగా పట్టి ఇవ్వమంటారు. సిగ్గుపడకండి, ఏ రోజునూ వదలకండి. డీటీపీఏ అనే మందు అది రక్తంలో ఉండగానే పట్టుకుని మూత్రంలోకి పంపుతుంది. ఎంత తొందరగా ఇస్తే అంత పనిచేస్తుంది. రేడియో అయోడిన్‌కు పొటాషియం అయోడైడ్ మాత్ర, సీజియంకు ప్రష్యన్ బ్లూ ఉన్నాయి. ఇవన్నీ ప్లాంటు డాక్టరు చేతి మీదుగానే తీసుకోవాలి.

ట్రిటియంకు మందు నీళ్లే. రోజుకు 3 లీటర్ల చొప్పున మారే ఒంటి నీళ్లు 6 లీటర్ల చొప్పున మారితే సగమయ్యే కాలం 10 రోజుల నుంచి 5 రోజులకు దిగుతుంది, డోస్ కూడా దాదాపు సగమవుతుంది. కైగాలో ఎక్కువ పడినవాళ్లకు ఇచ్చిన వైద్యం కూడా ఈ తీరుదే: నీళ్లు ఎక్కువ పట్టించి, మూత్రం ఎక్కువ వచ్చేలా చూడటం. కానీ బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు సొంతంగా అలా తాగకూడదు. విపరీతంగా నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తుండగానే చేయాలి. ఈ రోజుల్లో ప్రతిరోజూ శాంపిల్ ఇవ్వండి, అప్పుడే ఎంత వేగంగా తగ్గుతోందో తెలుస్తుంది.

లెక్క ఏ ఖాతాలో పడిందో చూడండి

బయటి డోస్‌కు లోపలి డోస్ కలిపినదే మీ మొత్తం. టీఎల్‌డీలో 9.2, ట్రిటియంతో 3.1 వస్తే మీ లెక్క 12.3 మిల్లీసీవర్ట్. మన దేశంలో ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు.

ప్లుటోనియం, యురేనియం పొడి లాంటివి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా డోస్ ఇస్తుంటాయి. వాటికి రాబోయే 50 ఏళ్లలో పడబోయే మొత్తాన్ని లెక్కకట్టి, లోపలికి వెళ్లిన ఏడాది ఖాతాలోనే రాస్తారు. అందుకే అలాంటి రిపోర్టులో ఒక్క ఏడాదికి పెద్ద అంకె కనిపించొచ్చు. అదంతా ఆ ఏడాదే పడిందని కాదు.

ఆడవాళ్లు గర్భం అని తెలిసిన వెంటనే ఆ సంగతి చెప్పాలి. చెప్పాక మిగిలిన నెలలకు కడుపులోని బిడ్డకు పరిమితి 1 మిల్లీసీవర్ట్ మాత్రమే. ట్రిటియం నీళ్లు బిడ్డ ఒంట్లోని నీళ్లలోనూ కలుస్తాయి, పాలిచ్చే తల్లి నుంచి పాలలోకీ వెళ్తాయి. కాబట్టి ఆ కాలంలో ట్రిటియం, పొడి పనులు లేని చోటికి మార్చమని రాతపూర్వకంగా అడగండి.

2004 నాటి అణుశక్తి వికిరణ రక్షణ నియమాల ప్రకారం మీ డోస్ రికార్డును యజమాని భద్రపరచాలి, మీరు అడిగితే చూపించాలి. పర్మనెంటు ఉద్యోగికైనా కాంట్రాక్టు కూలీకైనా ఇది ఒకటే. షట్‌డౌన్ ముగిసి సైటు వదిలేముందు మూడు పనులు చేయండి. చివరి యూరిన్ శాంపిల్ ఇవ్వండి, అది ఇవ్వకుండా బస్సెక్కేస్తే చివరి వారాల డోస్ ఎక్కడా ఎక్కదు. బయటి డోస్, లోపలి డోస్ విడివిడిగా రాసిన కాగితం తీసుకుని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మీ టీఎల్‌డీ నంబరు రాసిపెట్టుకోండి. ఇంకో ప్లాంటులో చేరినప్పుడు, ఇంతకుముందు ఎక్కడా పనిచేయలేదని చెప్పకుండా ఆ నంబరే ఇవ్వండి. దేశంలోని రేడియేషన్ కార్మికుల డోస్‌లన్నీ బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నడిపే జాతీయ రిజిస్ట్రీలో ఉంటాయి. ఒకే మనిషికి రెండు నంబర్లు పడితే రెండు సగం లెక్కలు తయారవుతాయి. ఆ రెంటినీ కలిపి చూసేవాళ్లు ఉండరు.